ఒడ్డెక్కే వయసు

జూలై 3, సోమవారం. సాయంత్రం 6.20.

జరిగినది జరిగినట్లు, వరుసగా:

1. ఉదయం 6.55కు కప్పల గది తాళం తీశాను. తాళం సరిగానే వేసి ఉంది.

2. ఒకటి నుంచి ఆరు వరకు ట్రేలలోని తోకకప్పలు కులాసాగా ఈదుతున్నాయి.

3. ఏడు నుంచి పన్నెండు వరకు ట్రేలలోని పిల్లకప్పలు నీటిపై తేలుతున్నాయి. ట్రేకు నలభై చొప్పున మొత్తం రెండు వందల నలభై. బతికినవి ముప్పై ఒకటి. అవి కూడా ట్రే అంచును, ఒక ఎండుటాకును, తోటి శవాలను పట్టుకుని బతికాయి.

4. కారణం: గురువారం నాడు ఈ ఆరు ట్రేల కింద, ఒక పక్కన, వాలుచెక్కలు పెట్టాను. ముందుకాళ్లు బయటికి వచ్చాక గోదురుకప్ప పిల్లకు మొప్పలు పోయి ఊపిరితిత్తులు మిగులుతాయి. కాలు మోపడానికి పొడి చోటు లేకపోతే, తాను పుట్టి పెరిగిన నీటిలోనే మునిగి చనిపోతుంది. చెక్క పెడితే ట్రే ఒరిగి, సగం నీరు, సగం ఒడ్డు అవుతాయి. ఈ ఉదయం చెక్కలు ట్రేల కింద లేవు. ఆరూ అలమర మీద, అంచులు కలిపి, వరుసగా ఉన్నాయి.

5. మేడం 8.10కి వచ్చారు. గోదురుకప్ప చర్మంలో విషగ్రంథులు ఏ వయసులో ఏర్పడి ఏ వయసులో నిండుతాయన్నది ఆమె మూడేళ్ల పరిశోధన. ఆ వయసు ఈ ఆరు ట్రేలలోనే ఉంది. స్టూలు మీద కూర్చుని, కాసేపటికి పట్టకారు, మందు సీసా అడిగారు. చెడిపోని శవాలను ఏరి సీసాలో వేశారు.

6. శనివారం సాయంత్రం నుంచి ఈ ఉదయం వరకు గదిలోకి వచ్చినవారు: (అ) నేను, శనివారం. (ఆ) నేల తుడిచే ఫినాయిలమ్మ, ఆదివారం.

7. సూపరింటెండెంటు గారు అడిగితే (ఆ) గురించి చెప్పాను. ఆయన అడిగింది ఆదివారం గురించి.

జూలై 4

నిన్న అలవాటు కొద్దీ తేదీ పక్కన గంట కూడా వేశాను. కింద పూర్తి పేరుతో సంతకం కూడా చేశాను. ఈ ఉదయం అక్క చూసి, "ఎవరికిరా ఈ అర్జీ?" అంది. సంతకాన్ని కొట్టివేశాను. ఇకమీదట గంట వేయను, సంతకం చేయను. ఇది కార్యాలయపు రిజిస్టరు కాదు. ఇందులో దిద్దుబాట్లు ఉండవచ్చు.

బతికిన ముప్పై ఒకటీ ఒకే ట్రేలోకి మార్చాను. చిటికెనవేలి గోరంత ఉన్నాయి ఒక్కొక్కటి. చెక్క పెట్టాను. రెండుసార్లు వెనక్కి వెళ్లి, చెక్క ఉందని చూసుకున్నాను.

జూలై 5

విచారణ. సూపరింటెండెంటు గారి గది. భవనమంతా ఆయనను రబ్బరు స్టాంపు అంటారు. ఆయనకు తెలుసు. నన్ను జాబితా అంటారు. నాకూ తెలుసు.

ఫినాయిలమ్మ గోడ దగ్గర నిలబడింది. ఆమెకంటే ముందు ఆమె వాసన వస్తుంది కాబట్టి ఆ పేరు. పదకొండేళ్లుగా ఈ భవనంలో నేల తుడుస్తోంది.

"చెక్కలు తీశావా, లేదా?"

"తీయలేదు సార్."

"తుడవడానికి అడ్డం వచ్చి ఉంటాయి. తీసి మళ్లీ పెట్టడం మర్చిపోయి ఉంటావు. అంతేగా?"

"ట్రేలు ఉండేది అలమరల మీద సార్. నేను తుడిచేది నేల. నేలకి చెక్కలెందుకు అడ్డం వస్తాయి?"

"ఎదురు ప్రశ్నలా?"

"ఎదురు కాదు సార్, ఉన్నమాట. అవి ఎందుకు పెట్టారో కూడా నాకు తెలుసు. పిల్లలు ఒడ్డెక్కాలని. గురువారం అన్నయ్యే చెప్పాడు. అడగండి."

అందరూ నా వైపు చూశారు. గురువారం ఆమెకు చెప్పిన మాట వాస్తవం. ఆమె అంత శ్రద్ధగా వింటుందనుకోలేదు.

"చెప్పాను సార్," అన్నాను.

"అయితే తెలిసే తీసిందన్నమాట. ఆదివారం ఆ గదిలోకి ఇంకెవరైనా వచ్చారా?"

"రాలేదు సార్."

ఆయన రాసుకున్నారు. ఫినాయిలమ్మ ఇంకా నా వైపే చూస్తూ ఉంది, బస్సు కోసం చూసినట్లు.

జూలై 6

శనివారం నేను చేసిన పనులు. సోమవారం తనిఖీ బృందం రావలసి ఉన్నందున (చివరకు రాలేదు), వారాంతపు జాబితా ప్రకారం అన్నీ నేనే సరిచూశాను:

కిటికీ తెరలు. పంపులు. వడపోత గుడ్డలు. మేత. దీపాలు వెలిగించే వేళలు. లేబుళ్లు, పన్నెండు. సీసాల మూతలు. చెత్తబుట్ట. థర్మామీటర్లు రెండు. చేతి తొడుగులు. పెద్ద కప్పల తొట్టి. దానిలో ఇసుక. మురుగు జాలీ. తాళం. తాళం మళ్లీ.

మొత్తం పదిహేను. జాబితాలో పదహారు ఉండాలి. కాగితం చూడవలసిన అవసరం లేదు.

జూలై 7

ఫినాయిలమ్మను ఈ రోజు నుంచి పనిలోకి రావద్దన్నారు.

జూలై 8

నేను అబద్ధం చెప్పలేదు.

జూలై 9

నేను చెప్పిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ రాసుకుని చూశాను. ఒక్కటీ అబద్ధం కాదు.

జూలై 10

నేల తుడవడానికి ఎవరూ రాలేదు. నేనే తుడిచాను. నీళ్లు ఎక్కడివక్కడే నిలిచాయి. ఆమె ఏ మూల నుంచి మొదలుపెట్టేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. రెండేళ్లుగా ఒకే గదిలో పని చేశాం.

జూలై 11

మేడం పిలిచారు. సూక్ష్మదర్శిని దగ్గర రెండు గాజు పలకలు సిద్ధంగా ఉన్నాయి.

"జాబితా గారూ, ఇది చూడండి. తల్లికప్పది, వీపు చర్మం."

అడ్డంగా కోసిన చర్మం. పై పొర కింద పెద్ద పెద్ద సంచులు, ఒకదాని పక్కన ఒకటి, నిండుగా, గోడకు ఆనించిన ధాన్యపు బస్తాల మాదిరిగా. ఆ తల్లికప్పను నేను ఎరుగుదును. చేతిలోకి తీసుకుంటే ఏమీ చేయదు. గట్టిగా నొక్కితే మాత్రం చెవుల వెనుక ఉన్న ఉబ్బుల నుంచి పాలవంటి ద్రవం ఊరుతుంది. అది తగిలిన చేతితో కన్ను నలుపుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది.

"ఇప్పుడు ఇది. ఆ సోమవారం ఏరిన వాటిలో ఒకటి."

చర్మం పలుచన. సంచులు అక్కడొకటి, అక్కడొకటి. చిన్నవి. లోపల దాదాపు ఏమీ లేదు.

"గుడ్డులో తల్లి ఇచ్చిన విషం ఉంటుంది," అన్నారు మేడం. "తోకకప్పగా ఈదినన్నాళ్లూ దాని మీదే నెట్టుకొస్తుంది. అది తరుగుతూ తరుగుతూ, సరిగ్గా ఒడ్డెక్కే వయసుకి అయిపోవస్తుంది. సొంతదేమో ఇంకా రాలేదు. ఆ కొద్ది రోజులూ చీమలు కూడా తినేస్తాయి వాటిని."

"సొంతది ఎన్నాళ్లకు నిండుతుంది మేడం?"

"ఆ ఆరు ట్రేలూ పెంచింది అది తెలుసుకుందామనే కదా."

కఠినంగా అనలేదు. "పాపం ఆవిడ కావాలని చేసి ఉండదు," అన్నారు ఆమె, పలక మారుస్తూ.

నేను వెళ్లి పంపులు చూశాను. పంపులు బాగానే ఉన్నాయి.

సాయంత్రం బట్టలు కుడుతున్న అక్కకు ఈ గ్రంథుల సంగతి వివరంగా చెప్పాను. బడి మానేసిన తరువాత నేను చదివినవన్నీ మొదట వినేది ఆమే. అంతా విని, సూదిలో దారం ఎక్కిస్తూ, "నలభై అయిదేళ్లుగా నా విషం మీదే నెట్టుకొస్తున్నావు కదరా నువ్వు," అంది. ఇద్దరం నవ్వాం.

జూలై 12

ఇల్లు చేరేసరికి కుట్టుమిషను చప్పుడు లేదు. మిషను ఆగిందంటే మా ఇంట్లో ఎవరికో మూడిందని అర్థం. ఇంట్లో ఉండేది ఇద్దరమే.

"ఫినాయిలమ్మ వచ్చి వెళ్లింది," అంది అక్క. "కుట్టమని ఇచ్చిన బట్టలు తీసుకెళ్లడానికి. పని పోయిందటగా."

"అవును."

"నువ్వు పక్కనే ఉన్నావట. నాకు ఒక్క ముక్క చెప్పలేదేం? కప్పల తోలు సంగతి మాత్రం గంటసేపు చెప్పావు."

"నేను చెప్పినవన్నీ నిజాలే అక్కా."

"అదే అడిగాను నేనూ. మావాడు అబద్ధం ఆడాడా అని. లేదమ్మా, అంది. ఒక నిజం జేబులో పెట్టుకుని మిగతావన్నీ చెప్పాడు, అంది."

నేను చొక్కా మార్చుకోవడానికి లేవబోయాను. కూర్చోమంది.

"ఆ చెక్కలు అలమర మీద వరసగా పేర్చి ఉన్నాయటగా? 'నేనైతే మూలకి గిరాటేసేదాన్నమ్మా. అంచులు కలిపి పెట్టేవాడు ఈ భవనంలో ఒక్కడే. వంకర కనబడితే అన్నయ్య చెయ్యి ఆగదు' అంది. నవ్వుతూనే అంది."

"తెలిసి ఉంటే విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను. 'అన్నయ్యే చెబుతాడని చూశాను' అంది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"చిన్నప్పుడు నిన్ను ఎవడు ఏడిపించినా వెళ్లి వాడి జుట్టు పట్టుకునేదాన్ని," అంది అక్క. "ఇప్పుడూ వచ్చి ఆ స్టాంపు జుట్టు పట్టుకోమంటావా?"

"ఆయనకు జుట్టు లేదక్కా."

"ఇలాంటివి మాత్రం టక్కున చెబుతావు!" అని మిషను మొదలుపెట్టింది. ఆ తరువాత నా వైపు చూడలేదు.

అదే రోజు, భోజనం తరువాత

పద్నాలుగు: "ట్రేలన్నీ రసమట్టం పెట్టి చూసి, సమంగా ఉన్నాయని నిర్ధారించుకోవలెను."

జాబితా నేను మార్చి నెలలో రాసినది. అప్పుడు అన్నిటిలోనూ తోకకప్పలే. నీటి లోతు అంతటా ఒకటిగా ఉండాలంటే ట్రే సమంగా ఉండాలి. గురువారం చెక్కలు పెట్టిన వెంటనే ఆ అంశాన్ని ఒకటి నుంచి ఆరు వరకే అని మార్చవలసింది. కొట్టివేతలున్న కాగితం తనిఖీ బృందం కంట పడడం ఇష్టం లేక, తరువాత శుభ్రంగా తిరగరాయవచ్చని ఆగాను.

శనివారం జాబితాను పైకి చదువుతూ ఒక్కొక్క పనీ చేశాను. పద్నాలుగు వచ్చింది. రసమట్టం పెట్టాను. ఏడో ట్రేలో రసమట్టపు గొట్టంలోని గాలిబుడగ ఒక చివరన ఉంది. చెక్క తీశాను. బుడగ మధ్యకు వచ్చింది. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు. ఆరు బుడగలూ మధ్యకు వచ్చాయి. చెక్కలను అలమర మీద పేర్చాను. టిక్కు పెట్టాను.

బుడగ మధ్యకు వచ్చిన ప్రతిసారీ నాకు సంతోషం కలిగింది. దానిని కూడా రాయాలి.

మరచిపోలేదు. సోమవారం తలుపు తీసి, చెక్కలు అలా పేర్చి ఉండడం చూసిన క్షణంలోనే తెలుసు.

జూలై 13

కాగితం రాసుకుని వెళ్లాను. ఎనిమిది అంశాలు. సూపరింటెండెంటు గారు మొదటిది చదివి, చివరిది చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమయ్యా జాబితా, నీకేమైనా పిచ్చా? ఆ ఫైలు మూసేశాం."

"తెరవండి సార్."

"తెరిస్తే పైనుంచి నన్ను అడుగుతారు. విచారణ చేసింది నేను. చచ్చినవి కప్పలయ్యా, మనుషులు కాదు!"

"పని పోయింది మనిషికే కదా సార్."

"ఆవిడకి ఇంకోచోట దొరుకుతుంది. నువ్వు పర్మనెంటు. నీ రికార్డు మీద మచ్చ పడితే జీవితాంతం పోదు. నీ మేలు కోరే చెబుతున్నాను. తీసుకో కాగితం."

ఇరవై రెండేళ్లుగా ఎవరైనా ఏదైనా కాగితం ఇస్తే తీసుకున్నాను. చేయి ముందుకు వెళ్లబోయింది కూడా. దానిని మరో చేతితో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

"తీసుకోను సార్. తేదీ వేసి, ముద్ర కొట్టి, నకలు ఇప్పించండి."

"ఇవ్వకపోతే?"

"ఇచ్చేవరకు ఇక్కడే ఉంటాను."



గోడ పక్కన బెంచీ ఉంది. కూర్చున్నాను. ఆయన రెండు ఫైళ్లు చూశారు. ఫోను మాట్లాడారు. భోజనానికి వెళ్లి వచ్చారు. "ఇంకా ఉన్నావా?" అన్నారు. "ఉన్నాను సార్," అన్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి. మూత్రానికి వెళ్లాలని ఉంది, వెళ్తే తలుపు వేసేస్తారేమోనని వెళ్లలేదు. చివరకు ఆయన ముద్ర తీసి, కాగితం మీద కొట్టిన దెబ్బకు సిరాబుడ్డి అదిరింది.

"మూగవాడివనుకున్నానయ్యా," అన్నారు. "మూగవాళ్లే నయం."

జూలై 14

మేడంకు చెప్పాను. కాగితం ఇవ్వలేదు, నిలబడి నోటితోనే చెప్పాను.

ఆమె సింకులో పట్టకారు కడిగి పక్కన పెట్టారు. తరువాత, "రెండు వందల తొమ్మిది," అన్నారు. "మళ్లీ గుడ్లు పెట్టించి ఇక్కడిదాకా తేవాలంటే వచ్చే ఏడాదే. మీ జాబితాలు ఉన్నాయన్న ధైర్యంతో నేను ఆదివారాలు ఈ గదికి రావడమే మానేశాను, తెలుసా?"

"క్షమించండి మేడం."

"నన్నెందుకు అడుగుతారు? ఆవిడను పిలిచి ఒక్క మాట అడగాలని నాకూ తోచలేదు. కావాలని చేసి ఉండదులే అనుకుని, నేనేదో మంచిదాన్ని అయిపోయాను." తాళంచెవి కోసం చేయి చాచారు. "కొన్నాళ్లు నేనే చూసుకుంటాను."

ఇచ్చాను. గుత్తి నుంచి తీయడానికి ఇద్దరం కలిసి తంటాలు పడ్డాం. రింగు బిగుసుకుపోయి ఉంది.

జూలై 17

ఉత్తర్వు. నన్ను కింది అంతస్తులోని గాజుసామాను గదికి మార్చారు. మందలింపు రికార్డులోకి ఎక్కుతుంది. ఫినాయిలమ్మ సంగతి అందులో లేదు.

సూపరింటెండెంటు గారి దగ్గరకు వెళ్లి అడిగాను. చూస్తామన్నారు.

జూలై 18

అడిగాను. చూస్తామన్నారు.

జూలై 19

అడిగాను. "నువ్వు రోజూ వస్తావా?" అన్నారు. "రోజూ వస్తాను సార్," అన్నాను.

జూలై 24

ఈ రోజు మేడం కూడా నాతో వచ్చారు. పిలవలేదు. మెట్ల దగ్గర కనబడి, "పదండి," అన్నారు. లోపల నాకంటే ఎక్కువ ఆమే మాట్లాడారు. బయటికి వచ్చాక, ముప్పై ఒకటిలో ఇరవై ఎనిమిది మిగిలాయని, చీమలు రాకుండా బల్లకాళ్ల కింద నీటి గిన్నెలు పెట్టానని చెప్పారు. మంచి పని అన్నాను.

జూలై 27

ఒకటో తేదీ నుంచి ఫినాయిలమ్మ పనిలోకి రావచ్చని ఉత్తర్వు వచ్చింది. ఆ సంగతి నేనే వెళ్లి చెబుతానని అక్కతో అన్నాను. "నువ్వొద్దు," అంది అక్క. "నువ్వు వెళ్తే శుభవార్త చెప్పినందుకు అది నీకు మంచినీళ్లివ్వాలి. ఆ కష్టం కూడా దానికెందుకు? నేను వెళ్తాను."

అక్క చెప్పింది సబబు.

ఆగస్టు 1

ముందు వాసన వచ్చింది. తరువాత బకెట్టు చప్పుడు. నేను బీకర్లు సర్దుతున్నాను. గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా."

"రామ్మా."

"నిజం చెప్పడానికి పది రోజులు పట్టిందా?"

"పది."

"నేనూ లెక్కపెట్టాను. నీకు తప్పకుండా తెలిసి ఉంటుందిలే అనుకున్నాను." తుడుపుకర్ర గోడకు ఆనించింది. "ఆ రోజు అక్కడ నిలబడి, ఇప్పుడు చెబుతాడు, ఇదిగో నోరు తెరుస్తున్నాడు, అనుకుంటూనే ఉన్నాను. మా ఆయన అన్నాడు, నువ్వే చెప్పేయాల్సింది పిచ్చిదానా అని. చెబితే నమ్మేవాళ్లా? నీ మాట కాదని నా మాట?"

"నమ్మేవారు కాదు."

"మరి?"

జవాబు కోసం చూసింది. క్షమాపణగా నేను రాసుకుని కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు ఉన్నాయి. అవి చాలా బాగున్నాయి. ఒక్కటీ చెప్పలేదు.

"తప్పు చేశానమ్మా. చెక్కలు తీయడం కాదు. అది పొరపాటు. నిన్ను అలా నిలబెట్టడం తప్పు."

"అదీ," అంది. బకెట్టు లోపలికి లాగింది. "కోపం పోలేదు నాకు. పోయినప్పుడు నేనే చెబుతాను. అప్పటిదాకా నేను తుడుస్తుంటే నువ్వు ఈ గదిలో ఉండకు. బయట నించో."

"ఎన్నాళ్లు?"

"ఏం, నంబర్లేసి రాసుకుంటావా? నించో అన్నానా!"

బయట నిలబడ్డాను. నడవాలో వెళ్లేవారు ఏమైందని అడిగారు. నేల తుడుస్తున్నారని చెప్పాను.

ఆగస్టు 2

బయట నిలబడ్డాను.

ఆగస్టు 3

బయట నిలబడ్డాను. కిటికీ కింద మూల నుంచి మొదలుపెట్టి, గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ తుడుస్తుంది. తన అడుగులు తనే చెరుపుకుంటూ వస్తుంది.

ఆగస్టు 7

బయట నిలబడ్డాను. సూపరింటెండెంటు గారు అటుగా వచ్చి, ఇద్దరినీ చూసి, వెనక్కి తిరిగి వేరే మెట్లు ఎక్కారు. లోపలి నుంచి చిన్నగా నవ్వు వినబడింది. నా కోసం నవ్విన నవ్వు కాదు.

ఆగస్టు 11

తుడవడం అయిపోయింది. బకెట్టు బయటికి వచ్చింది. లోపలికి అడుగు వేయబోయాను.

"ఆగు. నేల ఆరలేదు," అంది.

చూశాను. నేల ఆరే ఉంది.

"సరేనమ్మా," అని, ఇంకా కాసేపు నిలబడ్డాను.